థార్ అంటే బండి కాదండీ: గుంటూరు నుంచి న్యూజిలాండ్ కొండల్లోకి

మొదటే చెప్పేస్తున్నా, నేను వేటగాణ్ణి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దగ్గర వేట అంటే నేరుగా కేసే, కాబట్టి తాతల కథలు వినడం తప్ప మనకి తెలిసింది లేదు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే మా బావకి మాత్రం అక్కడ తుపాకీ లైసెన్సు ఉంది. ఇన్నాళ్లూ ఊరి బయట ఫారాల్లో కుందేళ్లు కొట్టుకుంటూ ఉన్నాడు. కిందటేడు ఫోన్ చేసి "ఏరా, జూన్‌లో థార్ వేటకి పోతున్నా, తోడు వస్తావా" అన్నాడు. ఇంట్లో చెబితే మా ఆవిడ మహీంద్రా బండి కొంటున్నామనుకుంది.

థార్ అంటే పొడుగు జూలున్న కొండమేక, పుట్టిల్లు హిమాలయాలు. 1904లో మౌంట్ కుక్ దగ్గర కొన్నిటిని తెచ్చి వదిలారు. అక్కడ వాటిని తినే చిరుత లేదు, పులి లేదు, ఇక పెరగడమే. కొండ మీది అరుదైన మొక్కలన్నీ మేసేస్తున్నాయని 1993లో ప్రభుత్వం పదివేలకి మించకూడదని లెక్క కట్టి, ఎక్కువైన వాటిని హెలికాప్టర్‌లో తిరిగి కాల్పిస్తోంది. ఇక్కడ మనం కాపాడుకుంటున్న జంతువు అక్కడ చీడ. మా అమ్మ "పాపం రా" అన్నప్పుడు ఇదంతా చెప్పాను. సగమే ఒప్పుకుంది.

అంతకుముందు ఎక్కడికి పోదామా అని బావ మూడు దేశాల గురించి ఆరా తీశాడు. నేపాల్‌లో ధోర్‌పాటన్ అని 1987లో పెట్టిన రిజర్వు ఉంది, ఆ దేశంలో వేట కోసం పెట్టిన రిజర్వు అదొక్కటే. మనకి వీసా కూడా అక్కర్లేదు, కానీ భరల్ గొర్రె కావాలంటే నాలుగైదు వేల మీటర్ల ఎత్తుకి పోవాలి, నడకే రోజుల తరబడి. కిర్గిజ్‌స్తాన్‌లో ఐబెక్స్ అనే కొండమేక వేట గుర్రాల మీద. నేను జన్మలో గుర్రం ఎక్కింది పెళ్లిలో ఫోటో కోసం, అదీ పదిహేను నిమిషాలు. న్యూజిలాండ్‌లో థార్ తిరిగేది చాలావరకు వెయ్యి నుంచి రెండు వేల మీటర్ల మధ్య, అంటే ఎత్తుకి తలనొప్పి, వాంతులు అన్న భయం లేదు. మొదటిసారి పోయేవాళ్లకి నా ఓటు దీనికే. పైగా అక్కడ జూన్ అంటే నడి చలికాలం, పోతులకి జూలు నిండుగా ఉండే రోజులు.

గైడ్ దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం, ఇది కాస్త వివరంగా చెప్పాలి. మొదట మాట్లాడినవాళ్ల ఫోటోలు చూస్తే కళ్లు తిరిగాయి. "అన్నీ కలిపే" అన్నారు, బావ అడ్వాన్సు కట్టాడు. నెల తర్వాత అడిగితే హెలికాప్టర్ వేరే, నేను వేటాడకపోయినా తోడు వచ్చినందుకు రోజుకింత వేరే, జంతువుకి గాయమై దొరక్కుండా పోయినా పూర్తి డబ్బు కట్టాలట. వాతావరణం బాగాలేక రెండు రోజులు ఇంట్లోనే కూర్చుంటే ఏంటి సంగతి అంటే జవాబు రాలేదు. అడ్వాన్సులో సగం వదులుకుని బయటికొచ్చాం. రెండో గైడ్‌కి ఫోటోలు తక్కువ, మెయిల్లో జవాబులు పొడుగు. మేం అడగకముందే నా వయసు, మోకాళ్లు, ఎంత బరువు మోయగలను, ఎంత దూరం నుంచి కాల్చడం బావకి అలవాటు అని అడిగాడు. వాన రోజులకి బదులు ఒక రోజు కలుపుతానని రాసిచ్చాడు. ప్రభుత్వ భూమిలో డబ్బు తీసుకుని వేటకి తీసుకెళ్లాలంటే గైడ్‌కి అక్కడి డాక్ శాఖ అనుమతి ఉండాలి, ఆ కాగితం కూడా తనే పంపాడు. డాక్ అంటే పోస్టాఫీసు కాదు, వాళ్ల అటవీ శాఖ లాంటిది.

ఇక్కడి నుంచి వెళ్లి సొంతంగా కాల్చాలనుకునేవాళ్లు అక్కడి పోలీసుల దగ్గర విజిటర్ లైసెన్సు ముందే పెట్టుకోవాలి. నాలాగా చూడ్డానికి వెళ్లేవాళ్లకి మామూలు విజిటర్ వీసా చాలు.

ప్రాక్టీసు మంగళగిరిలో. ఏప్రిల్ నుంచి తెల్లవారుజామున ఐదింటికి బండేసుకుని పోయి, పానకాల స్వామి మెట్లెక్కి, అక్కడి నుంచి కొండ కొసన ఉన్న గండాలయం దాకా, వీపున సంచిలో నాలుగు నీళ్ల బాటిళ్లు, తర్వాత ఎనిమిది. ఎక్కడం వచ్చేసింది, ఇక చాలనుకున్నాను. అసలు కష్టం దిగడంలో ఉందని అక్కడికి పోయాక తెలిసింది, మెట్లు లేని జారుడు గులకరాళ్ల మీద అడుగేస్తే మనతోపాటు కొండ కూడా కిందికి వస్తుంది.

హైదరాబాద్, సింగపూర్ మీదుగా క్రైస్ట్‌చర్చ్. టికెట్ రానుపోను నాకు లక్షా పదిహేను వేలు పడింది. ఎయిర్‌పోర్టులో తిండి, మట్టి అంటిన బూట్లు ఏవున్నా కాగితం మీద రాయాలి, దాస్తే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల ఫైను. నేను బూట్ల అడుగు టూత్‌బ్రష్‌తో కడుక్కుని పోయాను, అయినా ఆఫీసరమ్మ లైటు వేసి చూసింది. పాలు, నెయ్యి తగిలిన స్వీట్లు ఇంట్లోనే వదిలి వెళ్లండి.

కారులో మూడు గంటలు పోతే టెకాపో చెరువు, మన లాగే ఎడమ పక్క డ్రైవింగ్. బస ఒక గొర్రెల ఫారంలో. వాళ్లు దాన్ని స్టేషన్ అంటారు, రైలేం లేదు. గది చిన్నది, మంచం మీద కరెంటు దుప్పటి, రాత్రి బయట మైనస్ ఐదు. భోజనం ఇంటివాళ్లతోనే, అంతా గొర్రె మాంసం, బంగాళాదుంప. మూడో రోజుకి నాలిక చప్పబడిపోయింది. ఇంకేం వంక పెట్టలేను, టెకాపోలో హోటల్ కంటే ఇదే మేలు.

మొదటి రోజు గాలి, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. రెండో రోజు కొండెక్కాం. జారబోయి చేతికందిన గడ్డి పట్టుకున్నాను, అది స్పానియార్డ్ అనే ముళ్ల మొక్కట, చూడ్డానికి మన కిత్తనారలాగే ఉంటుంది, అరచేతిలో మూడు ముళ్లు విరిగాయి. గైడ్ నవ్వకుండా పట్టకారు తీశాడు, దానికే ప్రత్యేకంగా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. ఆ రోజంతా చేసింది కూర్చుని టెలిస్కోప్‌లో ఎదుటి కొండని అంగుళం అంగుళం చూడడమే. దిగి వచ్చేసరికి కియా చిలకలు జీపు వైపర్ రబ్బరు పీకేసి ఉన్నాయి.

నాలుగో రోజు సాయంత్రం నాలుగున్నర. అక్కడ ఐదింటికే చీకటి. పోతు రాతి అంచు మీద నిలబడింది, గాలికి జూలు ఊగుతోంది, దూరం 280 మీటర్లు. బావ పడుకుని గురి పెట్టాడు. గైడ్ భుజం మీద చెయ్యేసి "వద్దు" అన్నాడు. ఇప్పుడు కొడితే లోయలో పడుతుంది, చీకట్లో దిగి తీయలేం అన్నాడు. అది మా కళ్ల ముందే నిదానంగా అవతలికి పోయింది. బావ రాత్రి అన్నం ముందు కూర్చుని మాట్లాడలేదు. నాకు మాత్రం గైడ్‌కిచ్చిన డబ్బు అక్కడే వసూలైందనిపించింది.

రాసిచ్చినట్టే ఒక రోజు కలిపాడు. ఆ ఆరో రోజు పొద్దున వేరే పోతు దొరికింది, ఒకే దెబ్బ. దగ్గరికి పోయి చూస్తే గొర్రెపోతు వాసన, కొమ్ములు జానెడుకి పైన, మెత్తటి గిట్టలు. బావ కాసేపు దాని పక్కనే కూర్చున్నాడు, నేను ఫోటో తీయనా అని అడగలేదు. కొమ్ములు క్రైస్ట్‌చర్చ్‌లో అక్క ఇంట్లో ఉన్నాయి, వాటిని ఇండియాకి తేవడం అనే తలనొప్పి మేం పెట్టుకోలేదు.

మాంసం మోసుకుంటూ దిగడానికి ఐదు గంటలు, నా వాటా పన్నెండు కిలోలు. ఆ రాత్రి ఫారం వంటింట్లో, అక్క సర్దిచ్చిన గుంటూరు కారం, అల్లం వెల్లుల్లి వేసి నేనే వండాను. మూడు విజిల్స్‌కి ఉడకలేదు, ఏడు పెట్టాల్సి వచ్చింది. ఇంటావిడ రెండు ముక్కలు తిని నీళ్లు తాగి, మళ్లీ గిన్నె జరిపింది.