ఒపినెల్ నంబర్ 8 కార్బన్ కత్తి: పాతది పాడయ్యాక, కొత్తది కొన్నాక

పెన్సిల్ చెక్కడానికి ఇంతకంటే మంచి మడత కత్తి నాకు ఇంతవరకు దొరకలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ రివ్యూలో సగానికి పైగా ఒక కత్తి ఎలా పాడైంది, ఎలా బాగుపడింది అన్నదే ఉంటుంది. పెట్టెలోంచి తీసినప్పుడు కత్తి ఎంత పదునుగా ఉందో అందరూ రాస్తారు. దెబ్బతిన్నాక అది మళ్ళీ చేతికి పనికొస్తుందా లేదా అన్నది నాకు అంతకంటే ముఖ్యం.

నేను డ్రాయింగ్ టీచర్ని. నా దగ్గరున్న పాత నంబర్ 8 మా మాస్టారిది. చూపు మందగించి బొమ్మలు వేయడం ఆపేసినప్పుడు తన పెన్సిళ్ల డబ్బాతో పాటు ఈ కత్తి కూడా నా చేతిలో పెట్టారు. పిడి బీచ్ అనే చెట్టు చెక్క. ఆయన బొటనవేలు ఆనే చోట చెక్క అరిగి, నున్నగా, కాస్త పల్లంగా ఉంటుంది. బ్లేడు కార్బన్ స్టీలు, అంటే స్టెయిన్‌లెస్ కాదు, తుప్పు పట్టే రకం. ఏళ్ల తరబడి వాడకానికి అది ముదురు బూడిద రంగుకు తిరిగింది. దాన్ని పాటినా అంటారు, తుప్పు కాదు. తుప్పు ఎర్రగా, పొడిగా రాలుతుంది, ఇనుమును తినేస్తుంది. పాటినా పలచటి పొరలా అంటుకుని ఉండి, ఆ తర్వాత తుప్పు తొందరగా పట్టకుండా కొంతవరకు కాపాడుతుంది. పైగా ఆ మరకలన్నీ వాడిన మనిషి చేతి పనే. ఏ రెండు కత్తులకూ ఒకేలా రావు.

షార్పనర్ ఉండగా కత్తి ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. షార్పనర్ చెక్కేది పొట్టి ముక్కు. కత్తితో అయితే చెక్కను వెనక్కి పొడవుగా తీసి, లెడ్డును వేలి గోరంత పొడవు బయట పెట్టుకోవచ్చు. అలాంటి పెన్సిల్‌ని పడుకోబెట్టి గీస్తేనే వెడల్పాటి మెత్తని షేడింగ్ వస్తుంది. 4బి, 6బి లాంటి మెత్తని లెడ్లు, చార్‌కోల్ పెన్సిళ్లు షార్పనర్‌లో మెలితిరిగి పుటుక్కున విరుగుతాయి. కత్తితో ఆ బాధ ఉండదు, కాకపోతే బ్లేడు పలచగా ఉండాలి. మందపాటి బ్లేడు చెక్కలోకి దిగగానే చీలుస్తుంది, పలచనిది చెక్కుతుంది. ఒపినెల్ బ్లేడు వెన్ను దగ్గర కూడా రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. రెండు పక్కలా అతి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండి అంచు వైపు సన్నబడుతుంది. అందుకే పెన్సిల్ చెక్క ఒకే పొడవాటి చుట్టలా లేస్తుంది. పిడి గుండ్రంగా ఉండటం కూడా ఈ పనికి బాగా కలిసొస్తుంది. పట్టు విడవకుండానే అరచేతిలో తిప్పుకుని కోణం మార్చుకోవచ్చు.

1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ ఈ కత్తికి రూపం ఇచ్చాడు. తర్వాత కొన్నేళ్లకే 1 నుంచి 12 వరకు సైజులు వచ్చాయి. నంబర్ 8 బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు. బ్లేడు పిడిని కలిసే చోట తిరిగే ఇనుప ఉంగరం మాత్రం 1955లో వచ్చింది. తెరిచాక దాన్ని పక్కకు తిప్పితే బ్లేడు వేళ్ల మీదకు మడుచుకోదు. మూసి ఉన్నప్పుడు కూడా బ్లేడును బిగించి పెట్టే ఏర్పాటు 2000 ప్రాంతంలో చేర్చారు. మాస్టారి కత్తి ఉంగరం తెరిచినప్పుడు మాత్రమే బిగుస్తుంది. అంటే అది అంతకు ముందుదే.

ఇక జరిగింది చెబుతాను. నేను ఊళ్లో లేనప్పుడు మా తమ్ముడు నాకు సాయం చేద్దామనే ఉద్దేశంతో ఈ కత్తిని పదును పెట్టించడానికి ఇచ్చాడు. పట్టినతను కరెంటు మెషిన్ చక్రం మీద పట్టాడు. తిరిగొచ్చిన కత్తి తళతళలాడుతోంది. ఆ తళుకు చూడగానే నాకు కడుపులో దేవినట్టయింది. బూడిద రంగు పాటినా మొత్తం పోయింది. అంచు తిన్నగా లేదు, అలలు తిరిగి ఉంది. మొన అరిగి మొండిగా అయింది. అన్నిటికంటే ఘోరం, మొన నుంచి మూడో వంతు దాకా అంచు వెంట నీలం రంగు చార. మా తమ్ముడి చూపు నా ముఖం మీదే ఉంది, అందుకని ఏమీ అనలేదు. లోపలికెళ్లి చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆ నీలం ఎందుకు భయపెట్టిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కత్తి అంటే ఇష్టం ఉన్న చాలామందికి కూడా దీని సంగతి తెలియదు. బ్లేడును తయారు చేసేటప్పుడు ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారుస్తారు. అప్పుడు స్టీలు గట్టిపడుతుంది కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. ఆ పెళుసుదనం తగ్గడానికి మళ్ళీ కొంచెం వేడి చేస్తారు, దాన్ని టెంపరింగ్ అంటారు. ఇలాంటి కార్బన్ బ్లేడుకు ఆ రెండో వేడి సుమారు 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంతకంటే వేడి తగిలితే స్టీలు మెత్తబడటం మొదలవుతుంది. వేడి ఎంత దాకా వెళ్లిందో పైన ఏర్పడే రంగే చెబుతుంది. 220 దాటాక లేత గడ్డి రంగు, ఇంకా పెరిగితే గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం. వేగంగా తిరిగే పొడి చక్రం మీద ఆ వేడి రావడానికి రెప్పపాటు చాలు. అంచూ మొనా బ్లేడులో అన్నిటికంటే పలచగా ఉండేవి కదా, వేడి పోవడానికి అక్కడ లోహమే ఉండదు.

పాటినాలో కూడా ఒక్కోసారి నీలి ఛాయలు వస్తాయి. కంగారు పడక్కర్లేదు. అవి అక్కడక్కడా మబ్బుల్లా పరుచుకుంటాయి. కాలిన నీలం మాత్రం అంచు వెంటే చారలా ఉంటుంది, దాని పక్కనే ఊదా, గోధుమ, పసుపు వరుసగా కనిపిస్తాయి. ఆ రంగును పాలిష్ పెట్టి తుడిచేయొచ్చు. కానీ రంగు పోయినంత మాత్రాన పోయిన గట్టిదనం తిరిగి రాదు. నేను ఒక 2బి పెన్సిల్ చెక్కి చూశాను. పిడి దగ్గరి భాగం మునుపటిలాగే కోసింది. మొన వైపు అంచు నాలుగు కోతలకే పక్కకు వాలిపోయింది. గోరు మీద నెమ్మదిగా జరిపితే ఆ వాలు తగులుతుంది.

దీనికి ఉన్నవి రెండే దారులు. బ్లేడు మొత్తాన్ని మళ్ళీ కాల్చి గట్టిపరచడం, లేదా మెత్తబడిన లోహాన్ని నీళ్లతో తడుపుతూ చేత్తో అరగదీసి కింద ఉన్న మంచి లోహాన్ని బయటికి తీయడం. మొదటిది చేయాలంటే పిడిలోంచి బ్లేడు ఊడదీయాలి. మాస్టారి పిడిని ముట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. రెండోదే పట్టుకున్నాను.

ముందు మొన. మొన విరిగినా అరిగినా అంచు వైపు నుంచి అరగదీయకూడదు. వెన్ను వైపు నుంచి కిందకు దించుకుంటూ రావాలి, అంచు ఉన్నది ఉన్నట్టే ఉండి వెన్నే దాన్ని కలుసుకోవాలి. మడత కత్తికి ఇందులో ఇంకో లాభం ఉంది. అంచు వైపు అరగదీస్తే మొన పైకి లేచి, కత్తి మూసినప్పుడు పిడి గాడిలోంచి బయటికి పొడుచుకొస్తుంది. వెన్ను వైపు దించితే మొన ఇంకా లోపలికే దాక్కుంటుంది. ఇదయ్యాక 400 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) సానరాయి మీద అంచు, ఒక్కో పక్కకు సుమారు 15 నుంచి 20 డిగ్రీల వాలులో. ఆ తర్వాత 1000, ఆపైన 3000, చివర తోలు పట్టీ. రాయి ఎప్పుడూ తడిగానే ఉండాలి. మధ్యమధ్యలో ఆపి పెన్సిల్ చెక్కి చూడటం, అంచు వాలితే మళ్ళీ గరుకు రాయికి వెళ్లడం. సాయంత్రాలన్నీ దీనికే పోయాయి, విసుగు మాత్రం రాలేదు. ఒక రోజు మొన వైపు అంచు కూడా పిడి వైపు అంచులాగే చెక్కను చుట్ట చుట్టి లేపింది. అప్పుడు లేచి వెళ్లి మా తమ్ముడిని పిలిచి చూపించాను.

ఈ కత్తికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. ఈ కార్బన్ స్టీలు మామూలు సానరాయికి లొంగుతుంది. అరగకుండా ఉండటానికి ప్రత్యేకంగా తయారు చేసే ఈ కాలపు గట్టి స్టీళ్లు పదును ఎక్కువ రోజులు నిలుపుతాయి, నిజమే. కానీ అలాంటి బ్లేడుకు ఈ దెబ్బ తగిలి ఉంటే నా దగ్గరున్న రాళ్లతో నేను ఏమీ చేయలేకపోయేదాన్ని. మాస్టారి బ్లేడు ఇప్పుడు కాస్త పొట్టిదైంది, సన్నబడింది. పాటినా కొత్తగా పడుతోంది. అది ఆయనది కాదు, నాది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

రోజూ వాడుకోవడానికి కొత్త నంబర్ 8 కార్బన్ కొన్నాను. అదే ఆకారం, అదే పలచదనం. పెట్టెలోంచి తీసిన పదును బాగుంది, పెన్సిల్ కోసం 3000 రాయి మీద కాస్త నునుపు చేస్తే ఇంకా బాగుంది. వార్నిష్ ఉండటం వల్ల పిడి మొదట్లో జారినట్టు అనిపిస్తుంది. సన్నటి ఉప్పు కాగితంతో పైపైన రుద్దితే సరిపోయింది.

కొనే ముందు దీని స్వభావం తెలుసుకోవాలి. చెక్క పిడి తేమకు ఉబ్బుతుంది, అప్పుడు బ్లేడు తెరవడం కష్టమవుతుంది. పిడి వెనక చివరను బల్ల మీద తడితే బ్లేడు కొంచెం పైకి వస్తుంది, ఇది సవోయ్ వాళ్ల పాత చిట్కా. నీళ్లలో నానబెట్టకూడదు. వాడాక పొడిగుడ్డతో తుడవాలి, ఇరుసు దగ్గర ఒక చుక్క మినరల్ ఆయిల్ వేస్తే చాలు. వంటనూనె వద్దు, జిగటగా గట్టిపడుతుంది. పుల్లటి పండు కోస్తే నిమిషాల్లో మరక పడుతుంది. మొన పలచన కాబట్టి దేన్నీ పెకలించడానికి వాడకూడదు. ఇదంతా ఎవరు చూసుకుంటారు అనుకునేవాళ్లకు స్టెయిన్‌లెస్ రకం ఉంది. అది కూడా మంచి కత్తే, తడి పనులకు దాన్నే తీసుకోమంటాను.

పోగొట్టుకోవడం గురించి కూడా ఒక మాట. నా దగ్గర నేర్చుకున్న ఒకబ్బాయి వాళ్ల నాన్నగారి కత్తిని విమానం ఎక్కేచోట సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావాల్సి వచ్చింది. పెన్సిళ్ల సంచీలో ఉండిపోయింది, క్యాబిన్‌లోకి ఒప్పుకోలేదు. వెనక్కి వెళ్లి సామానులో వేయడానికి టైమ్ లేదు. ఆ అబ్బాయి గొంతు నాకింకా గుర్తుంది. ప్రయాణానికి ముందు రోజే డ్రాయింగ్ సంచీ మొత్తం బోర్లించి చూసుకోండి, కత్తిని చెకిన్ సామానులో పెట్టండి. ఆరుబయట బొమ్మలు వేసేవాళ్లు పిడి చివర చిన్న రంధ్రం చేయించి ఎర్రటి తాడు కట్టుకుంటే మంచిది. గడ్డిలో పడితే బీచ్ చెక్క రంగు అస్సలు కనిపించదు. మాస్టారి కత్తి మాత్రం ఇప్పుడు నా బల్ల దాటి ఎక్కడికీ వెళ్లదు.

పిల్లల కోసం అడిగేవాళ్లకు: 2 నుంచి 5 వరకు ఉన్న చిన్న నంబర్లకు ఆ బిగించే ఉంగరం ఉండదు, అవి కొనకండి. ఇదే కంపెనీ పిల్లల కోసం గుండ్రటి మొనతో నంబర్ 7 ఒకటి చేస్తుంది, ఉంగరం కూడా ఉంటుంది. పెన్సిల్ చెక్కడానికి మొనతో పనే లేదు కాబట్టి నా క్లాసులో నేర్పడానికి అదే పెట్టాను.