మారతహళ్లి చెవి మెషిన్ల షాపు: టెస్టుకి 5 స్టార్లు, అమ్మకానికి 2

మా మామగారు కడప వదిలి బెంగళూరులో మా దగ్గరే ఉంటున్నారు. ఆయనకి చెవి మెషిన్ కోసం మారతహళ్లిలో రింగ్ రోడ్డు పక్కనున్న ఓ షాపుకి తీసుకెళ్లాం. టెస్టు చేసిన ఆడియాలజిస్టు అమ్మాయి బంగారం. ముందు చెవిలో గుబిలి ఉందేమో చూసింది, ఆ తర్వాత శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి "తాతగారూ, ఎంత సన్నగా వినబడినా బటన్ నొక్కేయండి, తప్పయినా ఫర్వాలేదు" అని తెలుగులోనే చెప్పింది. గ్రాఫులో కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూలు. కీచుమనే శబ్దాల దగ్గరికొచ్చేసరికి రెండూ కిందికి జారిపోయాయి. మాట వినబడుతోంది గానీ స, ష లాంటివి అందట్లేదట. "ఈయనకి మతిమరుపు మొదలైంది" అని ఆర్నెల్లుగా గోల చేస్తున్న మా అత్తగారు అప్పుడు కాస్త తగ్గారు.

కౌంటర్ దగ్గరే తంటా. "మెషిన్ పెట్టకపోతే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) గ్యారంటీ సార్" అంటూ అమ్మే కుర్రాడు జత లక్షా నలభై వేల మోడల్ మీదే పట్టు. చెవుడు రిస్కే, కాదనను. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకి చెప్పిన 14 కారణాల్లో అదొకటి, కానీ బీపీ, షుగర్, పొగ తాగడం, చెడు కొలెస్ట్రాల్, చూపు తగ్గడం, ఒంటరితనం కూడా అందులోనే ఉన్నాయిగా! అన్నీ కలిపి సరిచేస్తే 45 శాతం దాకా కేసుల్ని ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చని వాళ్ల అంచనా. అమెరికాలో 70-84 ఏళ్ల 977 మందిని మూడేళ్లు చూసిన అచీవ్ అనే పరిశోధనలో అయితే, మెషిన్ల వల్ల జ్ఞాపకశక్తి, ఆలోచనల క్షీణతలో మొత్తమ్మీద పెద్ద తేడా తేలలేదు. ముందే రిస్కులు ఎక్కువున్న గుంపులో మాత్రం ఆ క్షీణత 48 శాతం నెమ్మదించింది. మామగారికి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, వాటి గురించి ఆ కుర్రాడు ఒక్క ముక్క అడిగితే ఒట్టు.

చివరికి దాంట్లో సగం ధర జత, అదీ ట్రయల్‌కి ఇచ్చాకే, తీసుకున్నాం. మొదట్లో వంటింట్లో స్టీలు గిన్నెల చప్పుడుకే తీసి పక్కన పడేసేవారు. ఆ అమ్మాయి మళ్లీ సెట్ చేశాక ఫర్వాలేదు, ఇప్పుడు కడపలో తమ్ముడికి ఆయనే ఫోన్ చేసి గంటలు గంటలు పొలం తగాదాలు మాట్లాడుతున్నారు. కూరగాయల మార్కెట్లో మాత్రం ఇప్పటికీ అంతా ఒకటే రొద.

షాపు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. వచ్చేవాళ్లంతా ముసలివాళ్లేనని తెలిసీ ఇదేం తెలివో! ఆడియాలజిస్టు రోజూ ఉండదు, ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.