చార్లీ క్రిస్టియన్ గిటార్: పన్నెండేళ్లు విన్నాక

అమెరికన్ జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ రికార్డులతో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్లు 2002లో తెచ్చిన నాలుగు సీడీల సెట్, 'ది జీనియస్ ఆఫ్ ది ఎలక్ట్రిక్ గిటార్', నా దగ్గర పన్నెండేళ్లుగా ఉంది. అంతకుముందు ఒక చవక సీడీ కొన్నాను. పాత రికార్డుల బరబర తీసేస్తున్నామని దానితోపాటు సన్నటి శబ్దాలన్నీ తుడిచేశారు, డ్రమ్స్‌తో మోగే సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) నీళ్లలోంచి వస్తున్నట్టు ఉండేవి, తీగ మీద మీటు తెలిసేదే కాదు. ఈ సెట్‌లో కొంచెం బరబర ఉంది, ఉండనీయండి, గిటార్ మాత్రం పక్కనే కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది.

ఎలక్ట్రిక్ గిటార్ మొదట వాయించింది ఇతనే కాదు. కానీ అప్పటిదాకా పెద్ద బ్యాండ్‌లో గిటార్ పని ఎక్కువగా వెనక కూర్చుని తాళం నిలబెట్టడమే, ట్రంపెట్లూ శాక్సఫోన్లూ మోగుతుంటే దాని గొంతు ఎవరికి వినపడుతుంది? గిబ్సన్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ ఈఎస్-150 వచ్చింది 1936లో. ఓక్లహోమా సిటీలో పెరిగిన ఈ కుర్రాడు 1939 ఆగస్టులో క్లారినెట్ వాయించే బ్యాండ్ నాయకుడు బెన్నీ గుడ్‌మన్ దగ్గర చేరి, ఆ గిటార్‌తో శాక్సఫోన్ లాగా పొడవైన వరసలు వాయించాడు. 1942 మార్చి 2న క్షయతో పోయాడు. పాతికేళ్లు. తల్చుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మొదట 1939 అక్టోబర్ 2న రికార్డయిన 'రోజ్ రూమ్' వినండి. లయోనెల్ హాంప్టన్ వైబ్రఫోన్ (లోహపు పట్టీల మీద కొట్టి వాయించే వాయిద్యం) కూడా ఉంటుంది. చార్లీ ఎక్కడా తొందరపడడు, స్వరం తాళం మీద ఎంత నింపాదిగా వాలుతుందో గమనించండి. అతను ఎక్కువగా కిందికే మీటేవాడట, నేనూ అలా ప్రయత్నించాక ఆ గట్టి, గుండ్రటి నాదం ఎక్కడినుంచి వస్తుందో కొంత అర్థమైంది.

కాకపోతే అప్పట్లో స్టూడియో రికార్డుకి మూడు నిమిషాలే. అందులో బెన్నీ క్లారినెట్‌కీ, వైబ్రఫోన్‌కీ పోగా చార్లీకి దక్కేది కాసేపే, అతను ఊపందుకునేసరికి వంతు అయిపోతుంది. అందుకే నాకు అన్నిటికంటే ఇష్టమైంది 1941 మార్చి 13 నాటి ముక్క. బెన్నీ ఇంకా రాలేదు, మిగతావాళ్లు ఊరికే వాయించుకుంటున్నారు, ఇంజనీర్లు దాన్నీ రికార్డు చేసి ఉంచారు. 'బ్లూస్ ఇన్ బి', 'వెయిటింగ్ ఫర్ బెన్నీ' అని ఈ సెట్‌లో ఉన్నవి అవే. యజమాని గదిలో లేనప్పుడు వాయిద్యం ఎంత హాయిగా ఉంటుందో!

సెట్‌లో ఇబ్బంది ఒకటే, ఒకే పాట టేకులు, అంటే మళ్లీ మళ్లీ వాయించి రికార్డు చేసినవి, వరసగా వస్తాయి. ఒక్క బిగిన వింటే విసుగే, 'బ్రేక్‌ఫస్ట్ ఫ్యూడ్' దగ్గర మాత్రం ఆగండి, ప్రతి టేకులోనూ సోలో, అంటే అతను ఒక్కడే ముందుకొచ్చి వాయించే భాగం, కొత్తగా ఉంటుంది. మనోధర్మం అంటే ఇదీ అనిపిస్తుంది.

న్యూయార్క్ హార్లెమ్‌లోని జాజ్ క్లబ్ మింటన్స్ ప్లేహౌస్‌లో చార్లీ వాయించిన రికార్డింగులు ఇందులో లేవు, విడిగా కొనాలి. జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి 1941 మేలో తన సొంత యంత్రం తీసుకెళ్లి చేసినవి. శబ్దం బాగా తక్కువ రకం, అయినా వదలొద్దు. 'స్వింగ్ టు బాప్' ఎనిమిది నిమిషాలకు పైనే, మొదలవడమే సోలో మధ్యలో మొదలవుతుంది, కెన్నీ క్లార్క్ డ్రమ్స్ వెనకనుంచి తోస్తుంటే చార్లీ పాట వరస ఒక చుట్టు తర్వాత ఇంకో చుట్టు అలా వాయిస్తూనే పోతాడు. మూడు నిమిషాల్లో ఇరుక్కుపోయిన మనిషి ఇతనేనా అనిపిస్తుంది.

కొన్నవాళ్లు ఒక పని చేయండి, 'వెయిటింగ్ ఫర్ బెన్నీ' విని వెంటనే 'ఎ స్మూత్ వన్' పెట్టుకోండి. అదే రోజు బెన్నీ వచ్చాక రికార్డు చేసిన పాట అది, దాని వరస ముందటి ముక్కలోనే వినపడుతుంది.