మెమ్‌టెస్ట్86 ప్లస్: 2018 నుంచి వాడుతున్న నా అనుభవం

మాది కడపలో పెళ్లి ఆల్బమ్‌లు, శుభలేఖలు డిజైన్ చేసే చిన్న షాపు. 2018 మే నెలలో ఒక పెళ్లి ఫొటోలు కెమెరా కార్డులోంచి సిస్టంలోకి కాపీ చేసుకుని, అక్కణ్ణించి రెండు హార్డ్ డిస్కుల్లో వేశాను. మర్నాడు ఆల్బమ్‌కు కూర్చుంటే తలంబ్రాల ఫొటో ఒకటి పై సగం బాగుంది, కింది సగం ఆకుపచ్చగా మారి పక్కకు జరిగిపోయింది. పెళ్లికూతురి ముఖం ఉంది, దోసిట్లో తలంబ్రాలు లేవు. వెతికితే అలాంటివి ఇంకో పది దొరికాయి. రెండు డిస్కుల్లోనూ అవే ఫొటోలు, అదే చోట తెగి ఉన్నాయి. కార్డు ఇంకా ఫార్మాట్ చెయ్యలేదు కాబట్టి సరిపోయింది. చేసి ఉంటే ఆ ఇంటివాళ్ల ముందు ఎలా నిలబడేవాణ్ణో!

ముందు హార్డ్ డిస్క్ పోయిందనుకున్నాను. సాటా కేబుల్ మార్చాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. పది రోజులు దానికే పోయాయి. ఆ మధ్యలో నాలుగైదు సార్లు బ్లూ స్క్రీన్ (విండోస్ ఉన్నట్టుండి ఆగిపోయి చూపించే నీలం తెర) వచ్చింది, ప్రతిసారీ వేరే ఎర్రర్ పేరుతో. నిజానికి ఆ సంగతి దగ్గరే ఆగి ఆలోచించాల్సింది. ఒక డ్రైవర్ (ప్రింటర్ లాంటి పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం) చెడిపోతే సాధారణంగా ఒకే రకం ఎర్రర్ పదే పదే వస్తుంది. రోజుకో పేరు వస్తోందంటే అనుమానం ముందు ర్యామ్ మీదకు, అంటే పని జరిగేటప్పుడు సిస్టం డేటాను తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ మీదకు పోవాలి. నాకు తట్టలేదు. పక్క వీధిలో స్టూడియో నడిపే తమ్ముడు వచ్చి చూసి, "అన్నా, ర్యామ్ టెస్ట్ చేసినావా?" అన్నాడు. ఆ మాటతో పరిచయమైంది మెమ్‌టెస్ట్86 ప్లస్, ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం.

ర్యామ్ ఎందుకు తప్పు చేస్తుందో అప్పుడే తెలుసుకున్నాను. ర్యామ్‌లో ఒక్కో బిట్ (1 లేదా 0) అంటే ఒక అతి చిన్న కెపాసిటర్‌లో, అంటే కరెంటు ఛార్జి నిలవ ఉంచే గడిలో, దాచిన కాస్త ఛార్జి. అది కారిపోతూనే ఉంటుంది. అందుకే 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ ఒకసారి చదివి మళ్లీ నింపుతూ ఉంటారు. వేడి పెరిగే కొద్దీ ఛార్జి ఇంకా త్వరగా కారుతుంది. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే ఆ గడువును సగానికి తగ్గించాల్సి వస్తుంది. ఎక్కడో ఒక గడి బలహీనంగా ఉంటే గడువు రాకముందే ఖాళీ అయి, 1 ఉన్న చోట 0 కనిపిస్తుంది. సర్వర్లలో ఈసీసీ మెమరీ ఉంటుంది కాబట్టి ఒక్క బిట్ తప్పితే అదే సరిదిద్దుకుంటుంది. మన షాపుల్లో ఉండే మామూలు సిస్టంలకు ఆ ఏర్పాటు లేదు. తప్పు జరిగినట్టు ఎవరికీ తెలీదు, తప్పే నిజమై డిస్కులోకి వెళ్లిపోతుంది.

ఒక్క బిట్టే కదా అనిపించవచ్చు. కంప్యూటర్ అక్షరాలకు వాడే యూనికోడ్ సంకేతాల్లో 'క' అనే అక్షరం చివరి ఐదు బిట్లు 10101. 'గ'కు 10111. తేడా ఒక్క బిట్టే. శుభలేఖ మీద అడ్రస్‌లో కడప అని టైప్ చేసింది, మెమరీలో ఒక్క గడి తిరగబడితే గడప అయి అచ్చుకు వెళ్లిపోగలదు. ఫొటోల్లో అయితే నష్టం ఇంకా ఎక్కువ. జేపెగ్ ఫైల్‌లో ప్రతి ముక్కనూ ముందు ముక్కతో పోల్చి కుదించి రాస్తారు, అందువల్ల ఒక చోట బిట్ తప్పితే అక్కడి నుంచి కిందికి రంగులు, గీతలు అన్నీ తప్పిపోతాయి. నా తలంబ్రాల ఫొటోకు జరిగింది అదే.

పేర్ల విషయంలో చాలామంది తికమకపడతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మెమ్‌టెస్ట్86ను మొదట రాసింది క్రిస్ బ్రేడీ, 1994లో. దాని నుంచి విడిగా 2004లో మెమ్‌టెస్ట్86 ప్లస్ వచ్చింది. ఇది ఇప్పటికీ ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం. ప్లస్ లేని మెమ్‌టెస్ట్86 మాత్రం 2013 నుంచి పాస్‌మార్క్ కంపెనీ చేతిలో ఉంది. దాని ఉచిత ఎడిషన్ నాలుగు పాస్‌లతో ఆగిపోతుంది (పాస్ అంటే పరీక్షలన్నీ ఒక విడత పూర్తవడం). రెండూ మంచివే. నేను రోజూ వాడేది ప్లస్.

ఇది విండోస్‌లో నడిచే ప్రోగ్రాం కాదు. పెన్‌డ్రైవ్‌లో రాసుకుని నేరుగా దాంతోనే సిస్టంను బూట్ చెయ్యాలి, అంటే స్టార్ట్ చెయ్యాలి. కారణం ఉంది. విండోస్ నడుస్తుంటే మెమరీలో పెద్ద భాగం దాని చేతిలోనే ఉంటుంది, అక్కడ పరీక్ష పెట్టడం కుదరదు. ఇల్లంతా సున్నం వెయ్యాలంటే ముందు సామాను బయట పెట్టాలి కదా, అలాంటిదే. నేను మొదలుపెట్టినప్పుడు ఉన్న 5.01 వెర్షన్‌కు బయాస్‌లో (సిస్టం ఆన్ అవగానే నడిచే బోర్డు సెట్టింగుల్లో) లెగసీ మోడ్, అంటే పాత పద్ధతి బూట్, పెట్టాల్సి వచ్చేది, కొత్త బోర్డులతో అది పెద్ద తలనొప్పి. 2022 అక్టోబర్‌లో 6.00 వచ్చాక బయాస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి ఉన్న సిస్టంలలో కూడా నేరుగా బూట్ అవుతోంది. నాకైతే పండగే అయింది.

మొదటిసారి నేను చేసిన పొరపాటు చెప్పాలి. రాత్రి తొమ్మిదికి పెట్టాను, ఒక పాస్ తప్పులేమీ లేకుండా పూర్తయింది. హమ్మయ్య అనుకుని ఆపేసి ఇంటికి వెళ్లాను. ఇంకో మూడు రోజులు డిస్కునే తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, మొదటి పాస్‌ను కావాలనే కుదించి నడుపుతుందని, పూర్తి పరీక్ష రెండో పాస్ నుంచేనని. ఈసారి పొద్దున పది గంటలకు పెట్టాను. ఏసీ వెయ్యలేదు. మే నెల కడప ఎండ ఎలా ఉంటుందో తెలిసిందే. మధ్యాహ్నం రెండున్నరకు, మూడో పాస్‌లో, నీలం స్క్రీన్ మీద ఎర్రటి వరస ఒకటి పడింది.

ఆ వరస ఇప్పటికీ కళ్లముందుంది. ఉండాల్సిన విలువ ఎనిమిది ఎఫ్‌లు. చదివితే వచ్చింది ఐదు ఎఫ్‌లు, ఒక బి, మళ్లీ రెండు ఎఫ్‌లు. ఎఫ్ అంటే 1111, బి అంటే 1011. నాలుగు బిట్లలో ఒకటి రాలిపోయింది. నేను చూస్తుండగానే రెండో వరస, మూడో వరస. తప్పు వచ్చిన మెమరీ అడ్రస్ ప్రతిసారీ దాదాపు ఒకే చోటు, రాలిపోయే బిట్ కూడా అదే. అన్ని రోజుల టెన్షన్ ఆ ఒక్క వరస చూడగానే దిగిపోయింది. దొంగ దొరికాడు.

దొరికాక అసలు పని మొదలవుతుంది. నా సిస్టంలో రెండు 4 జీబీ డీడీఆర్3 రకం ర్యామ్ స్టిక్‌లు (బోర్డు మీది స్లాట్‌లలో గుచ్చే పట్టీలు) ఉండేవి. ఒకటి తీసి ఒకటే ఉంచి పెట్టాలి, తర్వాత రెండోది. తప్పు చూపించిన స్టిక్‌ను ఇంకో స్లాట్‌లో కూడా పెట్టి చూడాలి. తప్పు స్టిక్ వెంట వెళ్తే స్టిక్‌దే, స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డుది. దానికి ముందు స్టిక్ కింద ఉండే బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి పూర్తిగా తుడిచి పెట్టండి. ఇది మన మెకానిక్‌లందరూ చేసేదే. చాలాసార్లు సమస్య అక్కడితోనే పోతుంది. నాది పోలేదు. రెండు స్లాట్‌లలోనూ అదే స్టిక్, అదే బిట్.

వారంటీ ఉంది కదా అని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, వాళ్లు పది నిమిషాలు సిస్టం ఆన్ చేసి చూసి "బాగానే ఉంది సార్" అన్నారు. ఆన్ అయ్యే ర్యామ్ అంతా మంచి ర్యామ్ కాదు. ఆ మాట వాళ్లకు నచ్చజెప్పడానికి నా దగ్గర ఫోన్‌తో తీసిన ఆ ఎర్ర వరసల ఫొటో ఉంది. అది చూపించాకే కొత్త స్టిక్ ఇచ్చారు. మెమ్‌టెస్ట్86 ప్లస్‌లో నాకున్న పెద్ద కొరత కూడా ఇక్కడే ఉంది. రిజల్ట్‌ను పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేసుకునే పద్ధతి నేను వాడిన వెర్షన్లలో లేదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోయిందంటే ఐదు గంటల పరీక్ష పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి. అందుకే ఎర్ర వరస కనిపించగానే ముందు ఫొటో తీస్తాను, తర్వాతే మిగతా పని.

ఆ తర్వాత షాపుకు వచ్చిన ప్రతి ర్యామ్‌నూ సిస్టంలో స్థిరంగా పెట్టే ముందు ఒక రాత్రంతా టెస్ట్ చేస్తున్నాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చుకున్న సెకండ్ హ్యాండ్ స్టిక్‌లైనా, సీల్ విప్పని కొత్తవైనా ఒకటే. 2021లో కొత్త సిస్టంలో 3200 స్పీడ్ డీడీఆర్4 వేస్తే రెండో పాస్‌లోనే వరసలు పడ్డాయి. స్టిక్‌లు విడివిడిగా పెడితే ఏ తప్పూ లేదు, రెండూ కలిపితే తప్పులు. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆఫ్ చేసి మామూలు స్పీడ్‌కు దించగానే ఆరు పాస్‌లు శుభ్రంగా నడిచాయి. అంటే స్టిక్‌లు మంచివే, ఆ రెండింటినీ కలిపి అంత వేగంతో నడపడం ఆ సిస్టం వల్ల కాలేదు. స్పీడ్ తగ్గించుకుని ఇప్పటికీ అలాగే వాడుతున్నాను. ఆల్బమ్ పనిలో ఆ తేడా నాకు తెలియలేదు.

పాస్ అని పచ్చగా వచ్చినంత మాత్రాన అన్నీ బాగున్నాయని కాదు. ఒక సిస్టం ఎనిమిది పాస్‌లు దాటినా ఫొటోషాప్‌లో పెద్ద ఫైల్ తెరవగానే ఆగిపోయేది. చివరికి తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది, అంటే సిస్టంకు కరెంటు ఇచ్చే పెట్టెది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కలిసి కరెంటు లాగే భారం ఈ టెస్ట్‌లో పడదు. కొత్త రకం ర్యామ్ డీడీఆర్5లో ఇంకో చిక్కు. చిప్ లోపలే కొంత సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది, అలా సరిదిద్దుకున్న తప్పులు ఈ టెస్ట్‌కు కనిపించవు.

పెన్‌డ్రైవ్ బూట్ అవ్వాలంటే నా సిస్టంలలో సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రాంతో బూట్ కానివ్వని సెట్టింగ్) ఆఫ్ చెయ్యాల్సి వచ్చింది. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉన్న లాప్‌టాప్ అయితే దయచేసి ముందు రికవరీ కీ రాసి పెట్టుకోండి. లేకపోతే తిరిగి విండోస్‌లోకి వచ్చేటప్పుడు అది కీ అడిగి అక్కడే ఆపేస్తుంది. అంత శ్రమ వద్దనుకునేవాళ్లకు విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. కాకపోతే అది మామూలుగా స్టాండర్డ్ పరీక్షతో రెండు పాస్‌లే చేస్తుంది. మొదలవగానే ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోండి, పాస్‌ల సంఖ్య పెంచండి.

ఎన్ని పాస్‌లు చాలు అని అందరూ అడుగుతారు. నేను నాలుగుకు తక్కువ చెయ్యను, వీలైతే పగటి వేడిలో చేస్తాను. ఒక్క తప్పు వచ్చినా ఆ స్టిక్‌ను పనిలో పెట్టను. "కోట్ల బిట్లలో ఒక్కటే కదా" అని ఎవరైనా అంటే ఆ తలంబ్రాల ఫొటో తీసి చూపిస్తాను.

అప్పుడు నాకు ర్యామ్ మాట చెప్పిన స్టూడియో తమ్ముడు మొన్న తన సిస్టం తెచ్చి పెట్టాడు. వారంలో మూడుసార్లు బ్లూ స్క్రీన్, మూడు పేర్లు. ఇది రాస్తుంటే పక్క టేబుల్ మీద మూడో పాస్ నడుస్తోంది. ఎర్రర్స్ ఇంకా సున్నా. ఏసీ ఆపేశాను.