పెర్త్ టెస్టుకు ముందు గోదావరి డెల్టా: మ్యాచ్ చూడాలంటే ఎక్కడ దిగాలి?

ఇది 2024 నవంబర్ నాటి మాట: 22న పెర్త్‌లో భారత్-ఆస్ట్రేలియా టెస్ట్ సిరీస్, బోర్డర్-గావస్కర్ ట్రోఫీ మొదలవుతోంది. ఆస్ట్రేలియా గడ్డ మీద మనవాళ్లు ఐదు టెస్టుల సిరీస్ ఆడి ముప్పై ఏళ్లు దాటింది, చివరిది 1991-92లో. 2018-19లోనూ 2020-21లోనూ అక్కడికి వెళ్లి 2-1తో గెలిచి వచ్చాం. ఈసారి మాత్రం సొంతగడ్డ మీద న్యూజిలాండ్ చేతిలో 0-3తో ఓడి విమానం ఎక్కారు. మొదటి టెస్టుకు రోహిత్ లేడు, బుమ్రా కెప్టెన్. గిల్ బొటనవేలికి దెబ్బ. ఎవరి మీదా ఆధారపడకుండా టెస్ట్ చాంపియన్‌షిప్ ఫైనల్‌కు వెళ్లాలంటే ఇక్కడ 4-0తో గెలవాలి. ఇంత టెన్షన్ ఉన్న సిరీస్‌ను ఒక్కొక్కరం ఒక్కో ఊళ్లో ఫోన్ పట్టుకుని చూడటం ఇష్టం లేక, స్నేహితులందరం గోదావరి జిల్లాల్లో కలవాలని అనుకున్నాం. హైదరాబాద్ వాళ్లం, విశాఖ వాళ్లు, కాకినాడ వాళ్లు, అందరికీ అదే నడిమధ్య. రూములు ముందుగా చూసి రావడానికి కార్తీక మాసంలో బయల్దేరాం.

మామూలు యాత్రికుడు అడిగేవి వేరు, మేం అడిగినవి వేరు. పెర్త్ టెస్ట్ మనకు ఉదయం 7:50కి మొదలు. అడిలైడ్ డే-నైట్ కాబట్టి 9:30. బ్రిస్బేన్ 5:50. మెల్‌బోర్న్, సిడ్నీ అయితే తెల్లవారుజామున ఐదింటికే మొదటి బంతి. అందుకని ప్రతిచోటా ఇవే అడిగాం: టీవీలో స్పోర్ట్స్ ఛానెళ్లు వస్తాయా? కరెంట్ పోతే జనరేటర్ టీవీకి కూడా ఉందా, లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమేనా? నాలుగున్నరకి టీ ఎవరిస్తారు? పదిమంది ఒకే గదిలో కూర్చుని అరిస్తే ఊరుకుంటారా?

గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ దిగి అక్కడి నుంచి మొదలుపెట్టాం. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు ఈ యాత్ర మొదలుపెట్టాల్సిన ఊరు ఇదే, ఎందుకంటే హనుమ విహారి పుట్టింది ఇక్కడే. 2021 జనవరి 11, సిడ్నీ. 407 లక్ష్యం, అయిదు వికెట్లు పోయాయి, తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు. అటువైపు నడుం నొప్పితో అశ్విన్, 128 బంతులు, 39. మనవాళ్లు 334/5 దగ్గర టెస్టును డ్రా చేశారు. ఆ డ్రా లేకపోతే తర్వాతి టెస్టులో, బ్రిస్బేన్ గబ్బా మైదానంలో, పంత్ 89 కొట్టి గెలిపించినదానికి అంత విలువ ఉండేది కాదని నా గట్టి నమ్మకం. పొద్దున్నే టీ కొట్టు దగ్గర మా మాటలు విని ఒక పెద్దాయన కలగజేసుకున్నారు. "ఆయ్, మన కాకినాడ కుర్రాడేనండీ. ఇండోర్‌లో మణికట్టు విరిగినా ఎడమచేతి వాటంగా తిరిగి ఆడాడు కదండీ, అది చూశారా మీరు?" చూశాం. 2023లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనల్ అది. ఆయన ఆ ఇన్నింగ్స్ చెప్పిన తీరు చూస్తే సొంత మేనల్లుడి గురించి చెబుతున్నట్టే ఉంది.

కాకినాడలో తిండికి వంక పెట్టలేం. సుబ్బయ్య హోటల్ భోజనం ఆకలితో వెళ్లిన ఎవరినీ నిరాశపరచదు. కోటయ్య కాజా కొనకుండా ఊరు దాటలేదు. బస మాత్రం నచ్చలేదు. బస్టాండుకు దగ్గర్లో మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, గోడకు పెద్ద టీవీ కూడా ఉంది, కానీ స్పోర్ట్స్ ఛానెల్ పెడితే నల్ల తెర. కింద అడిగితే "ఆ ప్యాక్ వేయించలేదండీ, వైఫై ఇస్తాం, ఫోన్‌లో చూసుకోండి" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. ఆ వైఫై మెట్ల దగ్గర మాత్రమే అందుతోంది. పగలంతా ఆడే అడిలైడ్ టెస్టుకైతే కాకినాడ బాగుంటుంది, స్నేహితుల ఇళ్లు ఉన్నాయి కాబట్టి. రూము తీసుకుని చూడాలంటే ఛానెల్ పెట్టించి చూశాకే డబ్బు కట్టండి.

యానాం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి కోనసీమలోకి దిగాం. వంతెన మీద కారు ఆపి గౌతమీ పాయను చూడాల్సిందే. అమలాపురం చేరేసరికి పొద్దుపోయింది. ఆ ఊరికి ఆటల్లో పేరు తెచ్చింది బ్యాడ్మింటన్, సాత్విక్ సాయిరాజ్ పుణ్యమా అని. అక్కడి బస గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కొంచెం శబ్దం, రేటుకు తగ్గ గది. మర్నాడు పొద్దున అంబాజీపేటలో పొట్టిక్కబుట్టలు తిన్నాం. పనస ఆకుల బుట్టల్లో ఆవిరి పట్టిన ఇడ్లీ, పక్కన కొబ్బరి చట్నీ. ఆ ఆకు వాసన కోసమైనా దారి మళ్లించుకోవచ్చు.

అందరూ వెళ్లమని చెప్పింది దిండికి. వశిష్ఠ పాయ ఒడ్డు, వరుసగా కొబ్బరి చెట్లు, నీళ్ల మీద హౌస్‌బోట్లు. అందంలో దానికి సాటి లేదు, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ టెస్ట్ మ్యాచ్ రోజుల్లో అక్కడికి వెళ్లవద్దు. మేం ఎక్కిన హౌస్‌బోట్‌లో డిష్ ఉంది. బోటు మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఆగిపోతోంది. బుమ్రా రనప్ మొదలుపెట్టినప్పుడు బొమ్మ ఆగి, తిరిగి వచ్చేసరికి బ్యాట్స్‌మన్ పెవిలియన్ మెట్లెక్కుతుంటే ఆ బాధ పడలేం. ఒడ్డున రిసార్టుల్లో టీవీ బాగానే ఉంటుంది గానీ, పొద్దున టీ ఏడింటికి ముందు రాదన్నారు. సెలవు దినాల రేట్లు కూడా ఎక్కువ, క్రిస్మస్ వారంలో ఇంకా ఎక్కువ. మెల్‌బోర్న్ టెస్ట్ సరిగ్గా ఆ వారంలోనే, డిసెంబర్ 26న. టెస్టుకూ టెస్టుకూ మధ్య ఖాళీ దొరికితే కుటుంబంతో వెళ్లండి. సాయంత్రం నదిలో తిరిగి, రాత్రి ఒడ్డున పడుకుని వచ్చేయండి, పూర్తిగా సంతోషిస్తారు.

అక్కడి నుంచి రాజోలు వైపు మా బాబాయి వాళ్ల ఊరు వెళ్లాం. ఈ యాత్ర మొత్తంలో నాకు దొరికిన గొప్ప జవాబు అక్కడే ఉంది. బాబాయికి వనామి రొయ్యల చెరువులున్నాయి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రాత్రంతా నీటిలోని పాచీ రొయ్యలూ అన్నీ ఆక్సిజన్ పీల్చేస్తాయి, సూర్యుడు వస్తే గాని మళ్లీ పుట్టదు. అందుకే రైతు ఆ వేళ గట్టు మీద ఉండాల్సిందే, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాల్సిందే. కరెంట్ పోయిన నిమిషాల్లో జనరేటర్ అందుకోవాలి, లేకపోతే పంటంతా పోతుంది. కాబట్టి గట్టు మీది షెడ్డులో కరెంట్ ఆగదు. నాలుగున్నరకల్లా ఊరి సెంటర్లో టీ కొట్టు వెలుగుతుంది. చెరువుల మీదకు వెళ్లేవాళ్లు, పాలు పోసేవాళ్లు, కార్తీక స్నానానికి కాలవకు వెళ్లేవాళ్లు, అందరూ అప్పటికే లేచి ఉన్నారు. మెల్‌బోర్న్‌లో టాస్ వేసే వేళకు హైదరాబాద్‌లో మా వీధి నిద్రపోతుంటుంది. డెల్టా పల్లెటూరు అప్పటికి ఒక పని ముగించి రెండోది అందుకుంటుంది. డిసెంబర్ 16 నుంచి ధనుర్మాసం కూడా వస్తుంది. బ్రిస్బేన్ టెస్టు సగంలో ఉండగా గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. ఇక అలారం ఎందుకు?

రాత్రి అరుగు మీద కూర్చుంటే బాబాయి పాత సిరీస్‌లన్నీ తీశాడు. 1992లో పెర్త్‌లో సచిన్ కొట్టిన 114 గురించి రేడియో వార్తల్లో విన్నాడట. ఆ సిరీస్ 0-4తో పోయింది. "గెలుపోటములు పక్కన పెట్టరా అబ్బాయ్, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ పిచ్ మీద నిలబడ్డాడు కదా, అదే మాకు చాలు" అన్నాడు. లక్ష్మణ్ సిడ్నీ సెంచరీలు మూడూ, 167, 178, 109, వరుసగా ఒప్పజెప్పాడు. మా బావకూ బాబాయికీ వాదన పడింది నితీశ్ కుమార్ రెడ్డి దగ్గర. విశాఖ కుర్రాడు, అప్పటికి ఇంకా టెస్ట్ ఆడలేదు, జట్టులో ఉన్నాడు. బావ అన్నాడు, "పెర్త్ బౌన్స్‌లో కొత్త కుర్రాడిని దింపడం ప్రమాదం బాబాయ్, జడేజానో అశ్విన్‌నో ఆడించాలి." బాబాయి ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. అక్కడ నాలుగో పేసర్ కావాలి, ఎనిమిదో స్థానం దాకా బ్యాటింగ్ కావాలి, ఆ రెండూ చేయగలవాడు ఈ జట్టులో అతనొక్కడే. తెలుగువాడు కాబట్టి అంటున్నావని బావ అన్నాడు. కాదు, కమిన్స్, స్టార్క్, హేజిల్‌వుడ్ ముగ్గురినీ ఎదుర్కోవాలంటే తోకను, అంటే బ్యాటింగ్ సరిగా రాని చివరివాళ్ల వరుసను, పొడవు చేసుకోకూడదు, అందుకే అంటున్నాను. ఆడిస్తే మాత్రం తెలుగువాడిగా నా ఆనందం ఇంతా అంతా కాదు, అది దాచుకోవాల్సిన పని లేదు.

కార్తీకం కాబట్టి పిన్ని వంటింట్లో నీచు లేదు. కంద బచ్చలి కూర, పొద్దున దిబ్బరొట్టె. పెర్త్ టెస్ట్ అయ్యేదాకా ఇదే భోజనం. ఎవరికీ అభ్యంతరం లేదు.

బంధువులు లేనివాళ్లు ఎక్కడ దిగాలి? ఆ ప్రశ్నతోనే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దాటాం. కారూ బైకులూ మనుషులూ అన్నీ ఒకే పంటు మీద, చల్లగాలి. కానీ చీకటి పడ్డాక దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాల్సి వస్తుంది. పాలకొల్లులో క్షీరారామం గోపురం చూసి భీమవరం చేరాం. కార్తీకంలో అయిదు పంచారామాలు చుట్టే బస్సులన్నీ ఈ రెండు ఊళ్లకూ వస్తాయి కాబట్టి సోమవారాల్లో గదుల కోసం తిరగాల్సి వస్తుంది. మామూలు రోజుల్లో మాత్రం డబ్బిచ్చి ఉండేవాళ్లకు డెల్టాలో భీమవరమే నా ఓటు. మేం చూసిన హోటల్లో రిసెప్షన్ అబ్బాయి మమ్మల్ని అడగనివ్వకుండానే ఛానెల్ పెట్టి చూపించాడు. జనరేటర్ మొత్తం గదికి. మెల్‌బోర్న్ టెస్ట్ అనగానే "ఐదింటికి కదండీ, నాలుగున్నరకి ఫ్లాస్కులో టీ పంపిస్తాం" అన్నాడు. ఆ ఒక్క మాటకే మాలో ఇద్దరు అడ్వాన్స్ కట్టేశారు. రొయ్యల వ్యాపారం మీద వచ్చేవాళ్లు అర్ధరాత్రీ అపరాత్రీ దిగే ఊరు కావడం వల్ల ఆ వేళల్లో పనిచేయడం అక్కడి హోటళ్లకు అలవాటు. సిడ్నీ టెస్ట్ జనవరి 3న మొదలవుతుంది. ఆ తర్వాత వారం సంక్రాంతి. కోడిపందేలకు వచ్చేవాళ్లు గదులన్నీ ముందే పట్టేస్తారు, రేట్లు ఎన్నో రెట్లవుతాయి. ఏడో తేదీకల్లా ఖాళీ చేసేలా ఇప్పుడే మాట్లాడుకోండి.

తిరుగుదారిలో ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం, బెల్లంవే తీసుకోండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూశాం. 1852 నాటికి ఆయన కట్టించిన ఆనకట్టే ఈ పచ్చదనానికంతటికీ మొదలు. ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాత వచ్చింది. రాజమండ్రిలో రోజ్‌మిల్క్ తాగి గోదావరి గట్టున కూర్చున్నాం. గదులు బాగానే ఉన్నాయి, కానీ కార్తీకంలో ఘాట్‌ల దగ్గర రద్దీ చాలా ఎక్కువ, రేటూ ఎక్కువే. రైలు దిగినవాళ్లు ఒక పూట ఆగడానికి సరిపోతుంది, ఐదు రోజులు మ్యాచ్ చూడటానికి కాదు.

చివరికి ఖాయం చేసుకున్నది ఇది. పెర్త్ బాబాయి వాళ్లింట్లో. అడిలైడ్ కాకినాడలో, స్నేహితుల ఇంట్లో. బ్రిస్బేన్ మళ్లీ రాజోలు వైపే, గట్టు మీది షెడ్డులో టీవీ పెట్టిస్తానని బాబాయి మాటిచ్చాడు. మెల్‌బోర్న్, సిడ్నీ భీమవరం హోటల్లో. సిరీస్ అప్పటికి 2-2 మీద ఉంటే సిడ్నీకి రావాలనుకునేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి రెండు గదులు అదనంగా చెప్పి ఉంచాం.