తీసిన వీడియోని తీసినట్టే డిస్కుకెక్కించే ఆ ఒక్క టిక్కు

ఇంటి వీడియోలు డిస్కుకెక్కించే సాఫ్ట్‌వేర్ ఏది తెరిచినా చివరి ఫైలు తయారుచేసే ‘ప్రొడ్యూస్’ దగ్గరికి వచ్చేసరికి ప్రొఫైళ్లు, బిట్‌రేట్లు, ‘బెస్ట్ క్వాలిటీ’ బటన్లు బోలెడు కనిపిస్తాయి. కొన్నేళ్లుగా వాడుతున్నా నాకు వాటిలో ఒక్క టిక్కు మీదే మనసు నిలిచింది. స్మార్ట్ రెండరింగ్. పవర్‌డైరెక్టర్‌లో దీన్ని ఎస్‌వీఆర్‌టీ అంటారు. టీఎంపీజెంక్ వాళ్లయితే దీనికోసమే విడిగా ఒక సాఫ్ట్‌వేర్ అమ్ముతారు. కెమెరాలో పడ్డ వీడియోని మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండా, అంటే మళ్లీ కుదించకుండా, ఉన్నదున్నట్టు కొత్త ఫైల్లోకి దించడం దీని పని. కత్తిరించిన చోట, పేర్లు వేసిన చోట మాత్రం ఆ నాలుగు సెకన్లే మళ్లీ తయారుచేస్తుంది.

గంటల తరబడి ఫ్యాను మోత వింటూ కూర్చోవాల్సిన రెండరింగ్ టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది, నిజమే. కానీ నా సంతోషం వేగం గురించి కాదు. క్యామ్‌కార్డర్ ఇచ్చేది అప్పటికే హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియో. 17 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 17 మెగాబిట్లు) తీసినదాన్ని 35 పెట్టి రెండర్ చేస్తే ఫైలు ఉబ్బుతుందే తప్ప కెమెరా పట్టని వివరం కొత్తగా పుట్టదు. పైగా ప్రతి ఎన్‌కోడింగ్‌లోనూ ఎంతో కొంత పోతుంది. పట్టుచీర జరీ అంచు, తలంబ్రాల గింజలు, అరటాకుల పందిరి, ఇలాంటి సన్న వివరాలున్న చోటే ముందు తెలుస్తుంది ఆ పోవడం. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు తీసేవాళ్లకి తెర నిండా ఉండేవి అవేగా!

ఇంకో కారణం నాకు దీనికన్నా పెద్దది. మన దగ్గర అమ్మిన క్యామ్‌కార్డర్లలో చాలావరకు 1080ఐ50లో తీస్తాయి. సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు (గీత విడిచి గీతగా పట్టిన సగం బొమ్మలు), అంటే సెకనులో 50 వేర్వేరు క్షణాలు. సాఫ్ట్‌వేర్ మాత్రం అడక్కుండానే 25పీ (సెకనుకి 25 నిండు ఫ్రేములు), లేదా అమెరికా అలవాటు కొద్దీ 30పీ ఎంచి పెడుతుంది. 25పీ చేస్తే సగం క్షణాలు పోతాయి. 30పీ చేస్తే మధ్యమధ్యలో ఫ్రేములు రెండేసి సార్లు పడి, నడిచే మనిషి కూడా తడబడుతున్నట్టు కనిపిస్తాడు. కోలాటం ఆడేవాళ్లని ఆ 30పీలో ఒకసారి, అసలు 50ఐలో ఒకసారి టీవీ మీద చూడండి. తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. బ్లూరే ప్రమాణంలో 1080ఐ50 భేషుగ్గా ఉంది, టీవీ కూడా దాన్ని చక్కగా విప్పుకుంటుంది. మధ్యలో మనం వేలు పెట్టకుండా ఉంటే చాలు.

అందుకే బర్నింగ్ సెట్టింగులు కంప్యూటర్ దగ్గర కాదు, కెమెరా చేతిలోకి తీసుకున్నప్పుడే మొదలవుతాయని నా గట్టి అభిప్రాయం. సోనీ క్యామ్‌కార్డర్ల రికార్డింగ్ మోడ్‌లలో ఎఫ్ఎక్స్ అంటే 24 ఎంబీపీఎస్, ఎఫ్‌హెచ్ అంటే 17. మామూలు డీవీడీ మీద ఏవీసీహెచ్‌డీ (ఈ క్యామ్‌కార్డర్లు వాడే హెచ్‌డీ ప్రమాణం) డిస్కు చెయ్యాలంటే 18 ఎంబీపీఎస్ దాటకూడదు. ఎఫ్‌హెచ్‌లో తీస్తే నేరుగా ఎక్కుతుంది, కాకపోతే 4.7 జీబీ డిస్కులో పట్టేది అరగంట పైచిలుకే. ఎఫ్ఎక్స్‌లో తీసి డీవీడీకి పెట్టారా, మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యక తప్పదు. నా దగ్గర బ్లూరే రైటర్ ఉంది కాబట్టి ముఖ్యమైన శుభకార్యాలు ఎఫ్ఎక్స్‌లో తీస్తాను. 25 జీబీ డిస్కులో రెండు గంటలకు పైగా పడుతుంది. 2011లో వచ్చిన రెండో ఏవీసీహెచ్‌డీ ప్రమాణంతో 28 ఎంబీపీఎస్‌లో 1080పీ50 కూడా వచ్చింది. చూడ్డానికి అద్భుతం. కానీ మామూలు బ్లూరే వీడియో డిస్కు దాన్ని ఒప్పుకోదు. డిస్కు చెయ్యాలనుకున్న రోజు నేను దాని జోలికి పోను.

ఇప్పుడు అసలు కథ. మా చెల్లెలి పెళ్లి ముహూర్తం ఆపకుండా ఒకే షాటుగా తీశాను. కెమెరా పొడుగు షాటుని సుమారు 2 జీబీల ముక్కలుగా విడగొట్టి కార్డులో రాసుకుంటుంది. పది, పదిహేను నిమిషాలకొక ఎమ్‌టీఎస్ ఫైలు అనుకోండి. నేను వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో (పేరు అనవసరం, ఇదే తీరు ఇంకొన్నిటిలోనూ చూశాను) ఆ ఫైళ్లని పక్కపక్కన పెట్టి, స్మార్ట్ రెండరింగ్ టిక్కు పెట్టి డిస్కు చేశాను. బొమ్మ అద్దంలా ఉంది. నాన్న, మేనత్త, అందరూ టీవీ ముందు చేరారు. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో, గట్టిమేళం ఉచ్చస్థాయిలో ఉండగా, శబ్దం ఠక్కున ఆగి, రెప్పపాటులో మళ్లీ అందుకుంది. అర సెకను కూడా ఉండదు. కానీ డోలు, నాదస్వరం ఊపులో ఉన్నప్పుడు అంత చిన్న ఖాళీ కూడా చెవికి రాయిలా తగులుతుంది. “ఏంట్రా, కరెంటు పోయిందా అప్పుడు?” అంది అత్తయ్య.

టైమ్‌లైన్ మీద అంగుళం అంగుళం వెతికితే ఆ చోట రెండు ఫైళ్ల అతుకు ఉంది. మిగతా అతుకుల దగ్గరా అదే ఖాళీ, కాకపోతే అక్కడ మంత్రాలూ మాటలూ నెమ్మదిగా ఉండి ఎవరికీ పట్టలేదు. విషయం ఏంటంటే, కెమెరాకి అవి వేర్వేరు ఫైళ్లు కావు, మధ్యలో తెగిన ఒకే ప్రవాహం. మొదటి ముక్క చివర్లో సగం పడ్డ శబ్దం రెండో ముక్క మొదట్లో పూర్తవుతుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కో ముక్కనీ సొంత క్లిప్పుగా చూసి ఆ సగాల్ని రెండు వైపులా పారేస్తోంది. ఎన్ని ప్రొఫైళ్లు మార్చినా, మళ్లీ ఎన్‌కోడ్ చేసినా ఆ ఖాళీ పోలేదు, ఎందుకంటే అది ఫైలు తెరిచినప్పుడే పడుతోంది.

మందు చాలా పాతది, ఖర్చులేనిది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండుకి స్లాష్, బీ (/b) తగిలించి, వరసగా ఫైళ్ల పేర్ల మధ్య ప్లస్ గుర్తు పెట్టి ఒకే ఎమ్‌టీఎస్‌గా కలిపేశాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లకముందే. ఆ కలిపిన ఫైలుని తెరిస్తే గట్టిమేళం గుక్కతిప్పుకోకుండా వినిపించింది. ఆ పూట నాకు కలిగిన ఆనందం ఏ ఖరీదైన ఎఫెక్టూ ఇవ్వలేదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: ఆపకుండా తీసిన ఒకే షాటు ముక్కల్నే ఇలా కలపాలి. ఆపి మళ్లీ మొదలుపెట్టిన షాట్లకి ఇది పనికిరాదు. కలపడం అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చెయ్యకండి.

అప్పట్నించీ నా పద్ధతి ఇదే. పేర్లూ కత్తిరింపులూ పెద్దగా అక్కర్లేకపోతే ఎడిటరే తెరవను. కలిపిన ఫైలుని టీఎస్‌మక్సర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి బ్లూరే ఫోల్డరు చేయిస్తాను, అయిదేసి నిమిషాలకి చాప్టర్లు అదే వేస్తుంది. మెనూ రాదు, మా ఇంట్లో ఎవరూ అడగరు. తర్వాత డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్ సాఫ్ట్‌వేర్‌తో రాస్తాను. ఫైల్ సిస్టమ్ యూడీఎఫ్ 2.50 ఉండాలి, లేకపోతే బ్లూరే ప్లేయర్లు మొండికేస్తాయి. వేగం 4ఎక్స్. రాశాక వెరిఫై (రాసింది సరిగ్గా పడిందో లేదో సరిచూడటం) తప్పనిసరి.

ముందు స్మార్ట్ రెండరింగ్‌ని అంత మెచ్చుకున్నాను గానీ, అది నిలబడేది అన్ని క్లిప్పులూ ఒకే కెమెరావి, ఒకే మోడ్‌వి అయినప్పుడే. చుట్టాలు పంపిన ఫోన్ వీడియోలు కలిపితే ఆ టిక్కు ఉన్నా లేనట్టే. ఫోన్లు 30లో తీస్తాయి, వెలుతురు తగ్గితే ఆ రేటూ నిలకడగా ఉండదు. టైమ్‌లైన్ మీద పెదాలూ మాటలూ విడిపోతాయి. వీడియోలు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్‌రేట్ కాన్‌స్టెంట్ అని పెట్టి ముందే మార్చుకుంటే మాట కుదురుకుంటుంది, 30ని 25 చేసిన తడబాటు మాత్రం మిగులుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు కింద 30లో తీస్తే కొన్ని లైట్లు మిణుకుమంటాయి కూడా. ఐఫోన్ ఉన్నవాళ్లయితే కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు ఆన్ చేసి 25లో తియ్యమని ముందే చెప్పండి. బ్లూరేకి ఫోన్ల ఏఏసీ శబ్దం పనికిరాదు, ఏసీ-3కి (డాల్బీ డిజిటల్) మార్చాలి. ఇంత తతంగం ఎందుకని ఈమధ్య ఫోన్ క్లిప్పుల్ని డిస్కులో కలపడం మానేసి, విడిగా పెన్‌డ్రైవ్‌లో ఇస్తున్నాను.

సోనీ 2025 ఫిబ్రవరితో రికార్డబుల్ బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. కాబట్టి ఇప్పుడు కొత్తగా రైటర్ కొని ఇందులోకి దిగమని ఎవరికైనా చెప్పాలంటే నాకు మనసొప్పదు. ఇంట్లో అందరూ ఫోన్‌తోనే తీస్తుంటే ఒక హార్డ్‌డిస్కు, దానికి నకలుగా ఇంకో హార్డ్‌డిస్కు చాలు. నా సంగతి వేరు. అటకమీద ఎమ్‌టీఎస్ ఫైళ్ల కార్డులున్నాయి, తెనాలిలో నాన్న దగ్గర బ్లూరే ప్లేయర్ బాగానే పనిచేస్తోంది, డిస్కు పెట్టి ప్లే నొక్కడం ఆయనకి అలవాటు. ఈ మూడూ ఉన్నంతకాలం నేను ఆ టిక్కు పెడుతూనే ఉంటాను. మీ దగ్గరా పాత క్యామ్‌కార్డర్ కార్డులు ఉండి ఉంటే, డిస్కు చేసినా చెయ్యకపోయినా, ముక్కలు కలిపే పని మాత్రం ఈ వారంలోనే కానిచ్చెయ్యండి.