వేసవి సెలవుల్లో ఆడపిల్లలు: సమ్మర్ క్యాంపా, అమ్మమ్మ ఊరా, ఇల్లేనా?

ఏప్రిల్ 24 నుంచి సెలవులు, జూన్ 12న మళ్లీ బడి. ఈ మధ్య రెండు రాష్ట్రాల్లోనూ ఇంచుమించు ఇదే లెక్క నడుస్తోంది. అంటే ఏడు వారాలు. ఆఫీసులకు మాత్రం ఆ ఏడు వారాలూ మామూలు వారాలే. మా పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. హైదరాబాద్‌లో ఫ్లాటు, ఇద్దరం ఉద్యోగస్తులం. మార్చి వచ్చిందంటే మా ఇంట్లోనే కాదు, లిఫ్టులో కలిసిన ప్రతి తల్లి నోటా ఒకటే ప్రశ్న: "సెలవులకి పిల్లల్ని ఏం చేస్తున్నారు?"

దీనికి జవాబు చెప్పేవాళ్లంతా పిల్లలు ఏం నేర్చుకుంటారన్న వైపు నుంచే మొదలుపెడతారు. నేను వేరే వైపు నుంచి చూస్తాను. మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ ఇద్దరూ ఎవరి మీద పడతారు? అమ్మమ్మ ఊరైనా, క్యాంపైనా, ఇల్లైనా ఈ ఐదు గంటల దగ్గరే తేలిపోతుంది. పొద్దునపూట ఎవరైనా చూసుకోగలరు.

ముందు క్యాంపు సంగతి. మా వైపు కాలనీల్లో మూడు వారాల క్యాంపంటే ఒక్కో పిల్లకి నాలుగు వేల నుంచి ఎనిమిది వేల దాకా అడుగుతున్నారు. కరపత్రం నిండా పేర్లు: అబాకస్, రోబోటిక్స్, కర్సివ్ రైటింగ్, పొయ్యి లేని వంట, స్లైమ్ తయారీ. చివరి రోజు ఒక సర్టిఫికెట్, ఒక డాన్సు, ఫొటోలు. ఇంతకీ వేళలు చూస్తే తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర. అంటే ఎండ నడినెత్తికొచ్చిన వేళకి పిల్లల్ని తెచ్చుకోవాలి. వాతావరణ శాఖ వాళ్లు పన్నెండు నుంచి మూడు దాకా బయట తిరగొద్దని ఏటా చెప్పేది సరిగ్గా ఆ సమయం గురించే. ఆఫీసు మధ్యలో లేచి వెళ్లేదెవరు, తెచ్చాక ఇంట్లో ఉండేదెవరు? డబ్బు పోసి కొనుక్కున్నది పొద్దుటి మూడు గంటలు. కష్టమైన ఐదు గంటలు అలాగే మిగిలాయి.

సాయంత్రం దాకా ఉంచుకునే డేకేర్లు కూడా సెలవుల్లో క్యాంపు పేరు పెట్టుకుంటాయి. ఉద్యోగం చేసే ఇంటికి నిజంగా పనికొచ్చేవి అవే, కానీ ఇద్దరు పిల్లలకి కలిపితే ఖర్చు గట్టిగానే ఉంటుంది. చేర్పించే ముందు నేను చూసేది సిలబస్ కాదు. బాత్రూమ్ ఎక్కడుంది, చిన్నపిల్లల వెంట ఆయా వెళ్తుందా, సాయంత్రం మేము కాకుండా ఇంకెవరైనా వచ్చి "పాప మా పాపే" అంటే పంపేస్తారా. ఈ మూడూ అడిగితే కొందరు నిర్వాహకులు మొహం చిట్లిస్తారు. చిట్లించిన చోట చేర్పించను.

అన్ని క్యాంపులూ ఖరీదైనవేం కావు. హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ ఏటా ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టి మే చివరిదాకా ఆటల శిక్షణ శిబిరాలు నడుపుతుంది. ఆరు నుంచి పదహారేళ్ల పిల్లలకి, తెల్లవారుజామునే, నామమాత్రపు ఫీజుతో. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో పాట, నాట్యం, బొమ్మలు వేయడం లాంటివి ఏ కాలం నుంచో నేర్పుతున్నారు. దూరం భరించగలిగితే కాలనీ క్యాంపుల కన్నా నాకు అదే నచ్చుతుంది. అక్కడి మాస్టార్లకి వాళ్ల విద్య వచ్చు. కాలనీ క్యాంపులో పొద్దున జుంబా చేయించిన అమ్మాయే పదకొండింటికి వేదిక్ మాథ్స్ చెబుతుంది.

ఒక్క ఈత దగ్గర మాత్రం నేను డబ్బుకి వెనకాడను. ప్రతి వేసవిలోనూ బావిలోనో చెరువులోనో దిగి మునిగిపోయిన పిల్లల వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఊరికి పంపే పిల్లకి ముందు నీళ్లమీద తేలడం రావాలి. ఏడెనిమిదేళ్లు వచ్చాయంటే పూల్‌లో చేర్పించేయండి. చాలాచోట్ల ఆడవాళ్లకి, అమ్మాయిలకి వేరే బ్యాచ్ ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. జుట్టు పాడవుతుందని ఆపేసే తల్లులున్నారు. దిగేముందు జుట్టంతా మామూలు నీళ్లతో తడిపి, కాస్త కొబ్బరినూనె రాసి, టోపీ పెడితే క్లోరిన్ అంతగా పట్టదు. పైకొచ్చాక మళ్లీ మంచినీళ్ల స్నానం. ఇక "నల్లబడిపోతుంది" అనే మాటకి మందు లేదు, వినకుండా ఉండటమే.

అమ్మమ్మ ఊరు సంగతి పెద్దది.

మా అమ్మ వాళ్లది నూజివీడు దగ్గర పల్లె. మే నెలంటే తోటల్లో బంగినపల్లి కోతలు సగం అయిపోయి, రసాలు పండే రోజులు. పిల్లలకి అక్కడ ఎవరూ ఏ యాక్టివిటీ పెట్టరు. పొద్దున్నే పేడకళ్ల వాసన, పాలకేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు, తొమ్మిదింటికి ఎవరో తెచ్చిపడేసిన తాటికాయల గెల. ముంజల్ని బొటనవేలితో పొడిచి నీళ్లు మీద చింది గౌనంతా కావడం. క్యాంపులో దానికి సెన్సరీ ప్లే అని పేరు పెట్టి ఫీజు తీసుకుంటారు.

మా పెద్దది మొన్నటి వేసవిలో ఆవకాయ దగ్గర కూర్చుంది. మామయ్య కత్తిపీట మీద టెంకతో సహా కాయలు కొట్టి గుట్ట పోస్తుంటే, దాని పని జీడి తీసేసి, టెంకకి అంటుకున్న పల్చటి పొర గోటితో గీకి, ముక్కని పొడిగుడ్డతో తుడిచి బుట్టలో వేయడం. కాసేపయ్యాక తుడవడం మానేసి ఊరికే వేసేస్తుంటే అమ్మ చూసింది. "తడి ఉంటే బూజు పడుతుందే తల్లీ, ఏడాదంతా తినాలి" అంది, అంతే. అది మళ్లీ మొదటి నుంచి అన్నీ తీసి తుడిచింది. ఇంట్లో హోంవర్కులో ఒక్క తప్పు దిద్దుకోమంటే ఇల్లు పీకి పందిరి వేసే పిల్ల. ఆవపిండి కలిపేటప్పుడు మాత్రం అమ్మ ఇద్దర్నీ అవతలికి తోలేసింది, కళ్లు మండుతాయని. మూడో రోజు జాడీ మూత తీసి తిరగగలిపి, ఆ పళ్లెంలోనే వేడన్నం కలిపి ముద్దలు పెట్టింది. చిన్నది నీళ్లు తాగుతూ, ముక్కు చీదుకుంటూ ఇంకో ముద్దకి నోరు తెరిచింది.

అయితే ఊరంటే మామిడిపళ్లూ వెన్నెలా మాత్రమే కాదు, ఆడపిల్లల తల్లికి అక్కడ వేరే లెక్కలుంటాయి. మా అన్నయ్యకి ఇద్దరు మగపిల్లలు. అన్నాలు తిన్నాక వాళ్లిద్దరూ లేచి చేతులు కడుక్కుని పరుగో పరుగు. "కంచాలు తియ్యండమ్మా" అనే మాట మాత్రం మా పిల్లల వైపు చూసే వస్తుంది. పెద్దది అడగనే అడిగింది: "అమ్మమ్మా, బావ కంచం బావ ఎందుకు తియ్యడు?" అమ్మ నవ్వేసి "వాడు మగపిల్లాడే" అంది. వంటింట్లోంచి మా వదిన గట్టిగా, "ఏరా, వచ్చి తియ్యండి ఇద్దరూ" అని పిలిచింది. తీశారు, విసుక్కుంటూ. మర్నాడు మళ్లీ పిలవాల్సి వచ్చింది.

దీనికంటే నాకు చిరాకు తెప్పించేది అరుగుల మీది పరాచికాలు. "బావని చేసుకుంటావా? చిన్నబావా, పెద్దబావా?" అని ఐదేళ్ల పిల్లని అడిగి నవ్వుకుంటారు. మనమూ ఆ నవ్వుల మధ్యే పెరిగాం, నిజమే. కానీ తొమ్మిదేళ్లది ఇప్పుడు ఆ మాట వినగానే ఆట ఆపేసి లోపలికొచ్చి కూర్చుంటోంది. నిన్నటిదాకా కలిసి సైకిలు తొక్కిన పిల్లాడి పక్కన నిలబడటానికి సిగ్గుపడుతోంది. అందుకే వెళ్లిన రోజే అమ్మకి, పెద్దమ్మకి, పక్కింటి బామ్మగారికి కూడా చెప్పేస్తాను, ఆ మాట మా పిల్లల దగ్గర వద్దని. "చదువుకున్నదానివి, నీకన్నీ తప్పులే" అంటారు. అననీ.

ఊరు ఉచితం అనుకుంటాం కదా, అదీ చూద్దాం. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, 2024 నవంబరు నుంచి అంతే, అంతకుముందు 120 రోజులుండేది. సెలవులివ్వగానే బయల్దేరాలంటే ఫిబ్రవరి నెలాఖరుకే బుక్ చేసుకోవాలి. ఐదేళ్లు నిండిన పిల్లకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. విజయవాడలో దిగాక బస్సులో అమ్మ మమ్మల్ని తీసుకెళ్లడానికి వస్తే తనకి టికెట్ డబ్బులుండవు, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి ఉంది. నా ఆధార్‌లో తెలంగాణ అడ్రసు, అక్కడ 2023 డిసెంబరులో వచ్చిన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం అక్కడివరకే. అంచేత ఒకే సీట్లో కూర్చుని తల్లికి ఫ్రీ, కూతురికి టికెట్.

చార్జీలు చిన్నవి. అసలు ఖర్చు పెట్టేది మా వదిన. ఇద్దరు పిల్లలు అదనంగా వస్తే రోజుకి రెండు పూటలా వంట, ఉతుకుడు, తలస్నానాలు, పేల దువ్వెన, చెమటకాయలకి పౌడరు, కరెంటు పోతే విసనకర్ర. ఆ మధ్యాహ్నపు ఐదు గంటలు ఆవిడ నడుం వాల్చుకునే వేళ. పైగా ఆమెకీ ఒక పుట్టిల్లుంది, ఆమె పిల్లలకీ ఒక అమ్మమ్మ ఉంది, సెలవులూ ఇవే. ఆడపడుచు దిగబడితే ఇంటి కోడలు కదలడానికి ఉండదు. పుట్టింటికి వెళ్లిన కూతుళ్లం ఎంతసేపూ అమ్మ మోకాళ్ల గురించి మాట్లాడుకుంటాం, వదిన ప్రయాణం గురించి ఎవరూ అడగం.

ఇక ఇంట్లోనే ఉంచడం. దీన్ని అందరూ ఓటమిలా చెబుతారు గానీ నాకు అంత చులకన లేదు. ఐదేళ్ల పిల్లకి తన మంచం, తన బొమ్మలు, పక్క ఫ్లాటు స్నేహితురాలు ఉంటే చాలా రోజులు గడిచిపోతాయి. చిక్కల్లా ఫోను. ఐదేళ్లలోపు పిల్లలకి రోజుకి గంటకి మించి స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీటింగులో ఉన్న తల్లికి ఆ గంట ఎప్పుడయిపోయిందో తెలియను కూడా తెలియదు. వర్క్ ఫ్రం హోమ్ ఉంది కదా అని పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంటే రెండూ చెడతాయి. తలుపు సందులోంచి చీటీలు వస్తుంటాయి: "అమ్మా చెల్లి కొట్టింది", కాసేపటికి "అమ్మా నేనూ కొట్టాను".

ఇంట్లో ఉంచేటట్టయితే మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతి పక్కవాళ్లతో వంతులు. మా అంతస్తులోనే ఇంకో రెండిళ్లలో ఈ ఈడు ఆడపిల్లలున్నారు. ఒక్కో మధ్యాహ్నం ఒక్కో ఇల్లు. అష్టాచెమ్మా, వామనగుంటలు, క్యారమ్స్, మధ్యలో మజ్జిగ. మనింటి వంతు రోజు రోజంతా సెలవో, ఒక పూట సెలవో పెట్టాలి, మిగతా రోజులు ప్రశాంతం. ఆ సెలవు అమ్మే పెట్టాలని రూలేం లేదు. మా ఆయన వంతు రోజు పిల్లలు నాలుగు రకాల మ్యాగీ చేసుకుంటారు, బతికే ఉంటారు.

అమ్మనే ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకోవచ్చు. వారం బాగుంటుంది. ఆ తర్వాత ఆవిడ బాల్కనీలో నిలబడి "ఈ ఊళ్లో మనుషులెవరూ కనపడరేమే" అంటుంది. అక్కడ మామిడికాయలు రాలిపోతున్నాయని బెంగ. ఐదో అంతస్తులో ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పట్టుకోవడం ఆవిడ వయసులో పని కాదు.

ఏది మేలంటే పిల్ల వయసుని బట్టే చెబుతాను. ఆరేళ్లలోపు దానికి క్యాంపు దండగ. దానికి ఊరు, కుదరకపోతే ఇల్లు. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య పిల్లకి పొద్దునపూట ఈతో ఆటో ఒక్కటి, ఒక్కటే, తర్వాత ఊళ్లో కనీసం రెండు వారాలు. ఊరు లేనివాళ్లు వంతుల పద్ధతి పట్టుకోండి, దానికి పక్కింటివాళ్లతో ముందు పలకరింపులుండాలి. ఎటు చూసినా రోహిణి కార్తె మొదలయ్యే మే 25కల్లా పిల్లలు నీడపట్టున ఉండేట్టు చూసుకోవాలి, కోస్తాలో ఆ రోజుల్లో 44, 45 డిగ్రీలు మామూలు. జూన్ మొదటి వారానికి ఎవరింటికి వాళ్లు చేరాలి. యూనిఫాం పొట్టైందో లేదో చూడాలి, పుస్తకాలకి అట్టలు వేయాలి, తొమ్మిదింటికి లేచే అలవాటు ఆరింటికి తేవాలి, పేలు తీయాలి.

ఈసారి టికెట్ల యాప్ తెరిచేముందు వదినకి ఫోన్ చేశాను. మే మొదటి వారం వాళ్ల అమ్మగారింటికి వెళ్లొస్తుందట. "మీరు పదో తారీకు తర్వాత రండి వదినా, అప్పటికి రసాలు కూడా బాగా దిగుతాయి" అంది. అంటే మా బుకింగ్ మార్చి రెండో వారంలో. అప్పటిదాకా పెద్దదానికి పొద్దున ఈత, మధ్యాహ్నాలకి మా అంతస్తు వంతులు. మా ఆయనకి రెండు శుక్రవారాలు రాశాను, ఇంకా చెప్పలేదు.